పాత చొక్కాకు వెల కట్టే చూపుకు వెలెంత?

సెకండ్ హ్యాండ్ బట్టలు కొనడం నామోషీ అనుకున్న రోజులు పోయి, కొన్నామని పదిమందికీ చూపించుకునే రోజులు వచ్చాయి. చవకగా కొని త్వరగా పారేసే ఫాస్ట్ ఫ్యాషన్ మీద విసుగు, పర్యావరణం గురించిన బెంగ, జేబులో తగ్గిన డబ్బు, చేతిలోకి వచ్చిన ఫోను కలిసి ఈ మార్పు తెచ్చాయన్నది పాఠకులకు తెలిసిన కథే. అయితే దీని మీద వస్తున్న రాతలు దాదాపుగా కొనేవారి చుట్టూనే తిరుగుతున్నాయి: వారి మనస్సాక్షి, వారి అభిరుచి, వారికి మిగిలిన సొమ్ము. ఎవరో వదిలించుకున్న చొక్కా ఇంకెవరో ముచ్చటపడి కొనే చొక్కాగా మారే మధ్యలో, ఒక బల్ల ముందు గంటల తరబడి నిలబడి దాన్ని తిరగేసి, మరగేసి చూసే మనిషి ఈ కథలో ఎక్కడా కనిపించదు. పాత సరుకుకు విలువ పుట్టేది ఆ బల్ల దగ్గరే. అక్కడ జరిగేది నైపుణ్యం కావలసిన పని అనీ, దానికి ఎవరైనా చేయగల పనికిచ్చే కూలి ఇచ్చి ఈ వ్యాపారం మొత్తం లాభపడుతోందనీ నా అభిప్రాయం.

దుకాణంలో పని నైపుణ్యం లేనిదన్న అభిప్రాయం ఎక్కడ నుంచి వచ్చిందో చూస్తే సంగతి తేటపడుతుంది. ఒకప్పుడు కొట్లో నిలబడే గుమాస్తాకు సరుకు తెలియాలి. ఏ నేత ఎన్నాళ్లు మన్నుతుందో, ఏ రంగు రెండు ఉతుకుల్లో వెలిసిపోతుందో, ఎదుటి మనిషి దగ్గర ఎక్కడ బేరం మొదలుపెట్టి ఎక్కడ దిగిరావాలో తెలియాలి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పారిస్‌లోని బోన్ మార్షేను అరిస్టీడ్ బూసికో పెద్ద దుకాణంగా తీర్చిదిద్దినప్పుడు, ప్రతి వస్తువుకూ ముందే ధర రాసిపెట్టే పద్ధతికి గట్టి ఊతం దొరికింది. కొనేవారికి అది మేలే చేసింది. కాని ధర చెప్పే అధికారం గుమాస్తా నోటి నుంచి చీటీ మీదికి పోయింది. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను మొదటిసారి స్కాన్ చేసినప్పుడు, ధరను గుర్తుంచుకోవలసిన అవసరం కూడా తీరిపోయింది. జ్ఞానాన్ని కొంత చీటీకి, కొంత యంత్రానికి అప్పగించాక మిగిలింది నిలబడటం, నవ్వడం, మడతపెట్టడం. ఈ మాత్రానికి ఎక్కువ జీతం దేనికి అన్న మాట అప్పటి నుంచే బలపడింది.

సెకండ్ హ్యాండ్ దుకాణం ఈ చరిత్రనంతా తలకిందులు చేస్తుంది. అక్కడికి వచ్చే సరుకుకు బార్‌కోడ్ ఉండదు, ఉన్నా పనికిరాదు. ఒకే రకం వెయ్యి చొక్కాలు రావు. వెయ్యి చొక్కాలు వెయ్యి రకాలుగా వస్తాయి. మూట విప్పిన మనిషి ఒక్కో దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. చంకల కింద మరక ఉందా, కాలరు లోపలి అంచు అరిగిందా, జిప్పు చివరి వరకూ పోతోందా, మోకాళ్ల దగ్గర బట్ట పలచబడిందా అని చూస్తుంది. ఏ బట్టో, ఎలా ఉతకాలో చెప్పే చీటీ ఊడిపోయి ఉంటే, అది నూలో, ఉన్నో, పాలియెస్టరో వేళ్ల మధ్య నలిపి తేల్చుకుంటుంది. పేరున్న బ్రాండు అయితే లేబుల్ కుట్టిన తీరును బట్టి అసలుదో నకిలీదో ఊహిస్తుంది. కొలతల అంకెలను నమ్మడానికి లేదు, ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందటి మీడియం, ఇప్పటి మీడియం ఒకటి కావు. జేబుల్లో చెయ్యి పెట్టి చూడాలి. ఏం తగులుతుందో ముందుగా తెలియదు కనుక ఆ పనికి కూడా కొంత ధైర్యం కావాలి. ఇంతా అయ్యాక, కొన్ని సెకన్లలో, ఇది రాక్ మీదికి పోతుందా, మరో చోటికి పంపే మూటలోకి పోతుందా, గుడ్డపీలికల్లోకి పోతుందా అని నిర్ణయించి, రాక్ మీదికైతే ధర కూడా కట్టాలి.

ఆ ధర కట్టడంలోనే అసలు చిక్కంతా ఉంది. ఎక్కువ వేస్తే చొక్కా వారాల తరబడి హ్యాంగర్‌కు వేలాడి, దాని వెనకాల వచ్చే సరుకుకు చోటు లేకుండా చేస్తుంది. తక్కువ వేస్తే, తెరవగానే వచ్చి రాక్‌లన్నీ జల్లెడ పట్టే మారుబేరగాడు దాన్ని పట్టుకుపోయి సాయంత్రానికి నాలుగింతలకు అమ్ముకుంటాడు. పురాతన వస్తువులకు, చిత్రకళకు ఇదే పని చేసేవారిని మనం నిపుణులంటాం, వారి అభిప్రాయానికి ఫీజు కడతాం. ఇక్కడ మాత్రం ఆ నిర్ణయాలన్నీ ఒక షిఫ్టులో ఇన్ని వస్తువులు తేలాలన్న లక్ష్యం కింద నలిగిపోతాయి.

ఈ చూపు మీద బతికేది ఒక్క దుకాణమే కాదు, ఖండాలు దాటి సాగే వ్యాపారం. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో విదేశాల నుంచి వచ్చిన పాత బట్టలను ఏరి, రకాలుగా విడదీసి, తిరిగి ఇతర దేశాలకు పంపే యూనిట్లలో ఏరే పని చేసేవారిలో స్త్రీలే ఎక్కువ. ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో పాత బట్టల సంతలో చిన్న వర్తకులు మూటను విప్పి చూడకుండానే కొనాలి; లోపల మంచి సరుకు పడితే లాభం, చిరుగులు పడితే అప్పు. మూట కట్టిన చోట ఏరిన చూపు ఎంత మెరుగైతే, విప్పిన చోట నష్టం అంత తక్కువ. 2025 జనవరి మొదట్లో ఆ సంత చాలావరకు అగ్నికి ఆహుతైనప్పుడు లోకం కాలిపోయిన బట్టల గురించి మాట్లాడింది. ఆ బట్టల్లో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పగలిగిన వేలాది మంది ఒక్క రాత్రిలో ఉపాధి పోగొట్టుకున్నారన్నది రెండో వార్తగానే మిగిలిపోయింది.

ఇది సేవాసంస్థల రంగమనీ, సరుకు దానంగా వస్తుందనీ, జీతాలు పెంచితే పేదలకు అందే ధరలు కూడా పెరుగుతాయనీ ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు; 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఆక్స్‌ఫామ్ దుకాణం లాంటివి స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమ మీదే నిలబడ్డాయి. కాని ఇష్టపడి వారానికి రెండు పూటలు వచ్చే వలంటీరునూ, ఆ పని మీదే ఇల్లు నడిపే మనిషినీ ఒకే గాటన కట్టడం కుదరదు. పైగా 2021లో డిపాప్ అనే పాత బట్టల యాప్‌ను ఎట్సీ 160 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. అంత సొమ్ము తిరుగుతున్న చోట పేదల పేరు అడ్డం పెట్టుకుని ఏరేవారి జీతం ఆపడం నాకు మింగుడుపడటం లేదు.

దానాల ద్వారా నడిచే వ్యాపారం పుట్టుకను గుర్తు చేసుకున్నా ఈ వాదన నిలవదు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ గుడ్‌విల్ అనే సేవాసంస్థకు నాంది పలికినప్పుడు, ఉన్నవారి ఇళ్ల నుంచి పాత సామాను పోగుచేసి, పని లేని పేదలకు వాటిని బాగుచేసే పని నేర్పించి, జీతం ఇచ్చాడు. అక్కడ సామాను ఒక సాకు. పని కల్పించడమే ఉద్దేశం. ఇవాళ సరుకును గురించే గొప్పగా మాట్లాడుకుంటున్నాం.

యాప్‌ల సంగతి ఇంకా విచిత్రం. 1995లో ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటు మొదలైన కొత్తలో అమ్ముడైన మొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్ అనీ, 14.83 డాలర్లకు దాన్ని కొన్న మనిషి పాడైపోయిన లేజర్ పాయింటర్లనే సేకరిస్తాడనీ ఆ సంస్థ తరచూ చెప్పుకునే కథ. ఎక్కడో ఒక చూపు ఆగితే తప్ప పాత వస్తువుకు విలువ లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తోచదు. ఆ తర్వాత వచ్చిన యాప్‌లు ఆ చూపు పనిని అమ్మేవారికే అప్పగించాయి. ఫొటో తీయడం, మరకను దాచకుండా చూపించడం, కొలతలు రాయడం, అర్ధరాత్రి వచ్చే ‘చివరి రేటు ఎంత’ అనే సందేశానికి జవాబివ్వడం, పార్సిల్ కట్టడం అన్నీ దుకాణం పనులే. జీతం లేని సేల్స్‌మన్‌గా మారి, పైగా కొన్ని యాప్‌లకు కమిషన్ కూడా కడుతున్నామని మనలో చాలామందికి తోచనే తోచదు. చేసిన పని పనిగా కనిపించకపోవడమే ఈ వ్యాపారానికి మూలధనం.

నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న విషయం కూడా ఇదే: దుకాణంలో పని అనగానే సమాజానికి కనిపించేది నిలబడి ఉన్న ఒక దేహం మాత్రమే, ఆలోచిస్తున్న తల కనిపించదు. నిలబెట్టడమే పనిగా ఎంత పాతుకుపోయిందో చెప్పడానికి కుర్చీ చరిత్ర చాలు. బ్రిటన్‌లో 1899లో, దుకాణాల్లో ప్రతి ముగ్గురు మహిళా ఉద్యోగులకూ కనీసం ఒక ఆసనం ఉండాలని చట్టమే చేయవలసి వచ్చింది. అంటే మిగిలిన ఇద్దరూ నిలబడవచ్చునన్నమాట. శతాబ్దం దాటాక, కోజికోడ్‌లో బట్టల దుకాణాల మహిళలు ‘పెణ్‌కూట్టు’ పేరుతో కూడగట్టుకుని ఏళ్ల తరబడి పోరాడితే, కేరళ 2018లో కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది. తమిళనాడు 2021లో ఆ దారిలో నడిచింది. కొనేవారు ఒక్కరూ లేని మధ్యాహ్నం పూట కూడా కూర్చోకూడదన్న నియమం వల్ల ఏ చీరా అదనంగా అమ్ముడుపోదు. కూర్చున్న మనిషి పని చేస్తున్నట్టు యజమాని కంటికి ఆనదు, అంతే. చూపుతో, వేళ్లతో, జ్ఞాపకంతో జరిగే పనిని కాళ్లతో కొలిచే ఈ అలవాటే పాత బట్టల బల్ల దగ్గరికి కూడా వచ్చి చేరింది.

సరుకు విషయంలో మాత్రం చట్టాలు ఎంతో సున్నితంగా ఆలోచిస్తున్నాయి. అమ్ముడుపోని బట్టలను తగలబెట్టడాన్ని నిషేధిస్తూ ఫ్రాన్స్ 2020లో చట్టం తెచ్చింది. చొక్కాకు రెండో జన్మ దక్కాలన్నది దాని తాపత్రయం. మంచిదే. కాని చొక్కాను బతికించమని ఆదేశించినప్పుడు, ఆ ఏరివేత పనిని ఎన్ని గంటల్లో, ఏ జీతానికి చేయించాలో కూడా అక్కడే రాసి ఉండవలసింది. శాన్ ఫ్రాన్సిస్కో నగరం 2014లో పెద్ద దుకాణాల ఉద్యోగులకు రెండు వారాల ముందే షిఫ్టులు తెలియజేయాలని శాసించింది కనుక, దుకాణం పనిని గురించి ఇంత వివరంగా చట్టం రాయడం అసాధ్యమేమీ కాదు.

సెకండ్ హ్యాండ్ వ్యాపారంలో ఉన్న సంస్థలు తమ వార్షిక నివేదికల్లో ఎన్ని టన్నుల బట్టలను చెత్తకుప్పకు పోకుండా ఆపామో రాసుకుంటాయి. ఆ అంకె పక్కనే, ఆ టన్నులను ఎంతమంది ఏరారో, అనుభవం పెరిగేకొద్దీ వారి జీతం ఎంత పెరిగిందో, ధర కట్టడంలో పొరపాటు జరిగితే ఆ నష్టాన్ని ఎవరి మీద వేశారో కూడా ప్రచురించాలి. ఏరే బల్ల దగ్గర ఒక కుర్చీ, నీడ పడని మంచి వెలుతురు, మూటల దుమ్ముకు మాస్కు, గంటకు ఇన్ని అన్న లక్ష్యం పెట్టేముందు ఆ పని చేసేవారిని ఒక మాట అడగడం. వీటికి ఎంత ఖర్చవుతుందో ఆ నివేదికల్లోనే లెక్క కట్టి చూపిస్తే, భరించలేమన్న మాటలో ఎంత నిజముందో మనమే చూసుకుంటాం.