గ్లూ గన్ గారి సముఖమునకు

మహారాజశ్రీ గ్లూ గన్ గారికి,

గుంటూరు నుంచి ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం, నా బొటనవేలు తప్ప. మీరు స్టాండు మీద ముక్కు కిందికి వంచుకుని, కరెంటు వేడికి కరిగిన జిగురును పేపరు మీద చుక్కలుగా కారుస్తూ క్షేమంగానే ఉన్నారు, కనబడుతూనే ఉంది.

రాయడానికి కారణం ఏమిటంటే, డిసెంబరు వచ్చిందంటే చాలు మీ పేరు చెప్పి ఒక ప్రచారం మొదలవుతుంది. సూది అక్కర్లేదు, దారం అక్కర్లేదు, కుట్టు రాకపోయినా పాతగుడ్డలతో ఇల్లంతా క్రిస్మస్ అలంకరణ చేసెయ్యొచ్చట. వీడియోలో గోళ్లరంగు చెదరని రెండు చేతులు కనిపిస్తాయి. గుడ్డ మడుస్తాయి, మిమ్మల్ని ఒక్క నొక్కు నొక్కుతాయి, స్టార్ తయారు. ఆ గుడ్డ ఉతికిందెవరు, గంజి పెట్టిందెవరు, ఇస్త్రీ చేసిందెవరు, కొలిచి కత్తిరించిందెవరు అనేది ఎక్కడా చూపించరు. అన్ని పనుల్లో సూది పని ఒక్కటి తగ్గించి, మొత్తం పనే తప్పించినట్టు పేరు కొట్టేశారు మీరు. మా ఇళ్లలో అసలు పని ట్రంకు పెట్టెలో ఏ గుడ్డ ఎక్కడుందో వెతకడమండీ. దానికి మీ దగ్గర ఏ బటనూ లేదు.

ఆ పెట్టెలో ఏముంటాయో మీకు తెలియదు కాబట్టి చెప్తాను. జాకెట్ ముక్కలు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పెట్టినవి. ఎవరూ కుట్టించుకోకుండా ఇంటింటికీ చేతులు మారి, తిరిగి తిరిగి మా దగ్గర ఆగిపోయినవి. ఎరుపూ ఆకుపచ్చా బాగానే దొరుకుతాయి, పండక్కి సరిపోతాయి. కాకపోతే అందులో చాలావరకు పాలిస్టర్. మీ పెద్దసైజు వాళ్ల మూతి దగ్గర వేడి సుమారు 190 డిగ్రీలు. పల్చటి ముక్కయితే ముడుచుకుపోతుంది, లేదా జిగురు ఇవతలికి దిగి మరక పడుతుంది. శాటిన్ అయితే అంటుకున్నట్టే నటించి, ఆరాక గోరు తగిలితే చాలు, జిగురంతా ఒక్క పొరగా లేచి వస్తుంది. మిమ్మల్ని భరించేది కాటన్ ఒక్కటే. దానికేమో అంచుల్లో పోగులు ఊడతాయి, జిగ్‌జాగ్ కత్తెర ఉండాలి. అది టైలరు దగ్గర ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో ఊళ్లో సగం కొత్తబట్టలు నెత్తిన పెట్టుకుని కూర్చున్న మనిషిని కత్తెర అప్పు అడగడం పాపం.

ఇక వేలి సంగతి. మరిగే నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగుతాయి, మీద పడితే కనీసం జారిపోతాయి. మీ చుక్క అంతకంటే వేడిగా వచ్చి, అక్కడే కాపురం పెడుతుంది. తుడుద్దామని పక్క వేలు పెడితే దానికీ అంటుకుంటుంది. సూది గుచ్చుకుంటే అబ్బా అని వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పనిలో పడతాం. మీరు కాలిస్తే కుళాయి కింద నిలబడాలి. ఈలోగా మీరు ఇక్కడ తీరిగ్గా కారుతూ ఉంటారు. సమాధానకర్త, అంటే శాంతినిచ్చే ప్రభువు, పుట్టిన పండక్కి చేతిలో ట్రిగ్గరు పట్టుకుని కూర్చున్న నన్ను చూసి మా అత్తయ్యగారు, "ముందు ఆ తుపాకీ కింద పెట్టి ప్రార్థనకి రామ్మా" అన్నారు. ఆవిడ తప్పేం లేదు.

కుట్టులేని గుడ్డ సంగతి మాకు మీరు వచ్చి నేర్పాలా? లూకా సువార్తలో మరియమ్మ బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టింది. చుట్టింది, అంతే. యోహాను సువార్త 19వ అధ్యాయంలో యేసు అంగీ కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా ఒకటే నేత. చింపడానికి మనసొప్పక సైనికులు చీట్లు వేసుకున్నారు. మీరు అంటించిన స్టార్ కోసం చీట్లు వేసే సైనికుణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించండి.

సూదిని మరీ అంత తక్కువ చేసి మాట్లాడకండి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న లేసు పని ఇవాళ్టికీ కొక్కెం సూదితోనే అల్లుతున్నారు. విదేశాలకు వెళ్తుంది. 2024లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, కూడా వచ్చింది. కరెంటు పోతే మీరు చల్లబడి బిగుసుకుపోతారు, వాళ్లు అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. వాళ్ల చేతికొచ్చే కూలి ఎంత అన్నది ఎత్తితే ఈ ఉత్తరం వేరే దారి పడుతుంది, అది మరోసారి.

అసలు సూదీ వద్దు, మీరూ వద్దు అనే దారి ఒకటుంది. థర్మోకోల్ బంతి తీసుకుని బత్తాయి తొనల్లా గీతలు గీయాలి. గీతల వెంట కత్తితో అర సెంటీమీటరు లోతున గాట్లు పెట్టాలి. తొన కంటే కాస్త పెద్దగా గుడ్డ కత్తిరించి, దాని అంచులు మొద్దు కత్తి కొసతో గాట్లలోకి దూర్చెయ్యడమే. గుడ్డను ఆ గాటే పట్టుకుంటుంది. అంచు లోపలికి పోయింది కాబట్టి పోగుల గొడవ లేదు, పాలిస్టర్ ముక్క కూడా బుద్ధిగా కూర్చుంటుంది. గాట్ల మీద జరీ అంచు చుట్టి గుండుసూది గుచ్చితే చెట్టుకు కట్టుకోవచ్చు. జపానువాళ్లు కిమెకోమి బొమ్మలకు చెక్కలో గాట్లు చేసి గుడ్డ దూర్చేది ఇలాగే. మిమ్మల్ని ఆ బంతి దగ్గరికి తెస్తే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది.

దండలకైతే పాత ఇత్తడి గాజు చాలు. గుడ్డను పీలికలు చేసి గాజు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోతే నిండుగా వస్తుంది. దుమ్ము పడితే విప్పి ఉతికి మళ్లీ కట్టుకోవచ్చు. మీ చేతిపని ఉతకబోతే ఊడుతుంది, ఇస్త్రీ పెట్టె ఆనితే మళ్లీ కరుగుతుంది. అటక మీద దాచి, మా గుంటూరు మే నెల దాటించి చూడండి. దేవదూతల రెక్కలు ఒక మూల, దేవదూతలు ఒక మూల.

కాబట్టి ఈ ఏడాది స్త్రీల సమాజం తరఫున చర్చి స్టేజి అలంకరణకు మిమ్మల్ని పిలవడం లేదు. వచ్చి చూసి వెళ్లండి, కేకు పెడతాం.

ఇట్లు,
కాలిన బొటనవేలితో,
అలంకరణ కమిటీ సభ్యురాలు

తా.క.: మీకు పని లేకుండా పోయిందని బాధపడకండి. టీవీ రిమోట్ వెనక మూత నిలవడం లేదని మా అబ్బాయి నిన్న మీతోనే అంటించాడు. గట్టిగా పట్టింది. బ్యాటరీలు అయిపోయినప్పుడు మళ్లీ రాస్తాను.