టూత్‌పేస్టు గారూ, నా మానిటర్‌కు పళ్లు లేవు

మహారాజశ్రీ తెల్ల టూత్‌పేస్టు గారి సముఖమునకు,

నమస్కారములు. ఇక్కడ ఒక్క మానిటర్ తప్ప అందరమూ క్షేమం. నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మొదలుకొని దీపాలు పెట్టే వేళ దాకా తమరూ నేనూ కలిసి చేసిన ఘనకార్యం గురించి నాలుగు మాటలు విన్నవించుకుందామని ఈ లేఖ రాస్తున్నాను.

నా మానిటర్ తెర మీద గీత ఎలా పడిందన్నది ఇప్పుడు అప్రస్తుతం. ఆయుధపూజ నాడు పెట్టిన గంధం బొట్టు ఎండి ఊడకపోయేసరికి ఇంట్లో ఒకరు అంట్లు తోమే స్టీలు పీచు అందుకున్నారు. ఆ ఒకరు ఎవరో బయటపెడితే నాకు ఇంట్లో అన్నం పుట్టదు. చివరకు చిటికెన వేలంత పొడవున ఒక సన్నని గీత మిగిలింది. ప్రూఫులు దిద్దుకొని బతికే నాకు అది ఎప్పుడైనా ఒక అక్షరం మీద లేని తలకట్టులా కనిపించేది, అంతే. దానితో ఈ జన్మకు సర్దుకుపోవలసింది.

సరిగ్గా అప్పుడే మా బావగారు, టూత్‌పేస్టు రుద్దితే గీత మాయమైపోతుందని తమరి పేరు సిఫారసు చేశారు. ఆయనను తప్పుపట్టలేను. సీడీల కాలంలో తమరి మహిమను కళ్లారా చూసిన మనిషి. సీడీ అడుగున 1.2 మిల్లీమీటర్ల మందాన పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ ఉంటుంది, పాట దానికి అవతలి వైపున పదిలంగా ఉంటుంది, కనుక తమరు పైపైన కాస్త అరగదీసి గీత అంచులను నునుపు చేస్తే లేజరు కిరణం తడబడకుండా దాటిపోయేది. ఆ పాత కీర్తితోనే కదా తమరు వెండి పట్టీల దగ్గర, హెల్మెట్ అద్దాల దగ్గర, చివరకు కాలిన వేళ్ల దగ్గర కూడా పెత్తనం చలాయిస్తున్నారు!

కానీ అయ్యా, నా మానిటర్ ముందు భాగాన ఉన్నది గాజు కాదు. గాజుకు అంటించిన పోలరైజర్ ఫిల్మ్ అనే పలుచని ప్లాస్టిక్ పొర. దాని మీద వెంట్రుక కన్నా సన్నని పూత ఉంటుంది. కిటికీ వెలుగు నేరుగా కళ్లలో కొట్టకుండా చెదిరిపోవాలని ఆ పూతను పనిగట్టుకొని గరుకుగా చేస్తారు. తమరి కడుపులో ఉన్నదేమో పంటి పాచిని గీకడానికి కలిపిన సుద్దపొడి లేదా సిలికా. గీత అంటే అక్కడ ఉండవలసిన పదార్థం లేకపోవడం. లేనిదాన్ని మీరు ఎక్కడినుంచి తెస్తారు? గుంత పూడ్చమంటే చుట్టూ ఉన్న రోడ్డునంతా గుంత లోతుకు తవ్వి బిల్లు పెట్టే కాంట్రాక్టరు తీరుగా, మీరు చుట్టుపక్కల ఉన్న మంచి పూతను కూడా అరగదీసి చక్కా పోయారు.

పాత పంచె ముక్కతో మెల్లగా, గుండ్రంగా, బావగారు చెప్పినట్లే రుద్దాను. వేలు ఆనినచోటల్లా తెర మీద రంగులు అలల్లా కదులుతుంటే అది నీ ప్రభావమే అనుకొని మురిసిపోయాను. తడిగుడ్డతో తుడిచి చూస్తే ఏముంది? గీత గీతలాగే ఉంది, దాని చుట్టూ అప్పచ్చి అంత మేర అద్దంలా మెరుస్తోంది! ఇప్పుడు ట్యూబ్‌లైటు అందులోనే కాపురం పెట్టింది. పొల్లు ఉందో లేదో చూడబోతే నా ముక్కే కనిపిస్తోంది. గీత ఒక్క అక్షరాన్ని పాడుచేసేది, నువ్వు ఏకంగా రెండు పంక్తులు మింగేశావు. కొండనాలుక సామెత నీ ఇలాకాలోదే, నేను విడమరచి చెప్పాలా? పదిహేను రూపాయల ట్యూబువు, నీకెందుకయ్యా మానిటర్ వైద్యం?

తమరి దాయాది వంటసోడా గారిని పిలవలేదు, ఒక్క పూటకు ఒక్క పరాభవం చాలు. సాయంత్రం పెట్రోలియం జెల్లీ రాసి చూశాను. అది కనీసం నిజాయితీ గల మోసగత్తె. గీతలో నిండి, వెలుగు చెదరకుండా కాసేపు కనుకట్టు కట్టింది. తెల్లవారేసరికి ఇంట్లో దుమ్మంతా అక్కడ చేరి గీత కాస్తా మీసమైంది.

ఈ రోజు రిపేరు షాపుకు మోసుకెళ్లాను. ఫిల్మ్ ఊడదీసి కొత్తది అంటించవచ్చునట, ఊడదీసేటప్పుడు కింది గాజు పగిలితే మాత్రం ఆయన పూచీ లేదట. ప్యానెల్ మార్చాలంటే ఇంకో కొంత వేసుకొని కొత్త మానిటరే కొనుక్కోమన్నాడు. ఆ మెరుపు మచ్చను వేలితో తడిమి, నన్ను ఎగాదిగా చూసి, “పేస్టా?” అని ఒక్క మాట అడిగాడు. ఆ ఒక్క మాట వారంటీ కాగితంలోని సన్న అక్షరాలన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

తమరి అవశేషం చట్రం అంచు సందులో తెల్లగా ఇంకా మిగిలే ఉంది. పుల్లతో తీయబోయి ఆగిపోయాను. మరో గీత పడితే ఈసారి నింద వేయడానికి ఇంట్లో ఎవరూ దొరకరు. తెర కాస్త వేడెక్కగానే అక్కడినుంచి సన్నగా లవంగం వాసన వస్తోంది. ఒప్పుకోక తప్పదు, వాసన బాగుంది.

ఇట్లు,
రేపు ఉదయం లేవగానే మళ్లీ తమరి ముఖమే చూడవలసిన
ఒక ప్రూఫ్‌రీడర్