గింజలు నిర్దోషులు

సముద్రాలను పంచుకోవడానికి దేశాల మధ్య ఒప్పందాలున్నాయి. పచ్చిమిరపకాయను తొడిమతో దాచాలా, తొడిమ తీసి దాచాలా అన్న విషయంలో మాత్రం మానవజాతి ఇంతవరకు ఒక తీర్మానానికి రాలేదు. ఈ అలసత్వం క్షమించరానిది.

తొడిమ కాయకు మూత వంటిది, అది ఊడితే లోపలికి తడి దిగుతుందని మితవాదులు అంటారు. కుళ్లు మొదలయ్యేదే తొడిమ దగ్గర కాబట్టి ముందే తుంచేయాలని అతివాదులు అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండబట్టే వివాదం ఇంత పచ్చగా ఉంది. వారు వాదించుకుంటూ ఉండగా, కడిగిన కాయలను తడి ఆరకుండానే ప్లాస్టిక్ సంచిలో కుక్కి, గట్టిగా ముడివేసి ఫ్రిజ్‌లోకి తోసే మూడో పక్షం ఒకటుంది. అధికారం ఎప్పుడూ దానిదే. కొన్నాళ్లకు ఆ ముడి విప్పితే అడుగున జిగురు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న కాయలు, తొడిమల చుట్టూ తెల్లటి బూజు. తుడిచి, ఆరబెట్టి, డబ్బా అడుగున పొడి కాగితం పరిచి, మెత్తబడిన కాయను కనబడగానే బహిష్కరిస్తే ఏ పక్షం కాయలైనా వారాల తరబడి నిలుస్తాయి. పరిష్కారం మరీ తేలిక కావడం వల్ల దీనికి అనుచరులు లేరు. పచ్చరంగు మీద గెలిచి, లోపలికి వచ్చాక ఎర్రరంగులోకి ఫిరాయించే కాయలపై కూడా చర్య అవసరం లేదు. అవి పండాయి, అంతే.

అసలు ఘోరం కత్తిపీట దగ్గర జరుగుతోంది. కారమంతా గింజల్లోనే ఉందని ఎవరో తీర్పు చెప్పారు, అప్పీలు లేకుండా అది అమలవుతోంది. కాయను నిలువునా చీల్చి, కత్తి మొనతో ఒక్కొక్క గింజనూ ఏరి పారేస్తారు. ఆ గింజలు అంటుకుని ఉన్న తెల్లటి పొరను మాత్రం భద్రంగా కాయలోనే ఉంచుతారు. కారానికి మూలమైన కాప్సైసిన్ తయారయ్యేది ఆ పొరలోనే. గింజలకు అంటింది వట్టి సహవాస దోషం. అసలు నేరస్థుణ్ణి విందుకు పిలిచి, పక్కింటివాణ్ణి ఉరితీయడం ఇంతకన్నా పద్ధతిగా ఎక్కడా జరగదు.

ఆ తర్వాత చేతులు నీళ్లతో కడుక్కుని, ఎంతో నమ్మకంతో కన్ను నలుపుకుంటారు. కాప్సైసిన్ నీటికి లొంగదు, కొవ్వుకు లొంగుతుంది. ముందు కాస్త నూనె రాసుకుని, ఆపై సబ్బుతో కడుక్కుంటే వదులుతుంది. నాలుక మండినప్పుడు చెంబెడు నీళ్లు తాగేవారు మంటకు నోరంతా ఊరేగింపు జరిపిస్తున్నట్టే లెక్క. పాలు తాగితే అందులోని కేసీన్ అనే ప్రోటీన్ ఆ పదార్థాన్ని పట్టి లాక్కుపోతుంది. నిజానికి నాలుక కాలనే లేదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే నాడీ గ్రాహకం ఒకటుంది. మిరపకాయ దాన్ని తట్టి దొంగ ఫిర్యాదు ఇప్పిస్తుంది. ఆ గుట్టు రట్టు చేసిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పక్షులకు ఈ మంట తెలియదు. అవి హాయిగా తిని, మనం పారేసిన గింజలనే ఊరూరా నాటి వస్తాయి.

కారాన్ని కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలుచన చేస్తూ, మంట తెలియకుండా పోయేవరకు రుచి చూపించడం. ఇళ్లలో అంత ఓపిక లేదు కనుక ఒకరు కొరుకుతారు, మిగిలినవారు ఆ ముఖం చూస్తారు. ఫలితం ఇంచుమించు ఖచ్చితంగానే వస్తుంది.

ఇక వేయించడం. గాటు పెట్టని కాయను కాగే నూనెలో వేస్తే లోపలి తడి ఆవిరై, బయటికి దారి లేక టప్పున పేలుతుంది. నూనె చొక్కా మీదికి వస్తుంది. ఒక్క చిన్న గాటు చాలు. దానికి సమయం లేదనేవారికి చొక్కా ఉతకడానికి మాత్రం బోలెడంత సమయం దొరుకుతుంది. గాటు పెట్టినా ఘాటు ఆగదు. పొగతో పాటు కాప్సైసిన్ గాలిలోకి లేచి గదులన్నీ తనిఖీ చేస్తుంది. కిటికీ తెరవాల్సింది నూనె కాగకముందు. ఇంటిల్లిపాదీ దగ్గడం మొదలయ్యాక ఎవరో ఒకరు లేచి వెళ్లి తెరుస్తారు. పొయ్యి దగ్గరున్న మనిషి మాత్రం గొంతు బిగబట్టి, కళ్లలో నీళ్లు కుక్కుకుని, అసలేమీ జరగనట్టు గరిటె తిప్పుతూ ఉంటాడు. అక్కడ దగ్గితే నేరం అంగీకరించినట్టవుతుంది.