ఎవరి ఆధ్వర్యంలో?

ఫలానా సంస్థ ‘ఆధ్వర్యంలో’ అని మనం రాసే చోట ఇంగ్లిషులో ‘అండర్ ది ఆస్పిసెస్’ అంటారు. ఆ ఆస్పిసెస్ 16వ శతాబ్దంలో ఇంగ్లిషులో చేరిన లాటిన్ మాట. ‘అవిస్’ అంటే పక్షి, ‘స్పెకెరె’ అంటే చూడటం. పక్షి శకునం కాస్తా పెద్దల అండగా ఎలా మారిందో రోమన్ సైన్యాన్ని చూస్తే తెలుస్తుంది.

రోమ్‌లో శకునం చూసే హక్కు పదవితో పాటు దక్కేది. దండు వెంట బోనులో కోళ్లు వెళ్లేవి. యుద్ధానికి ముందు కాపరి బోను తెరిచి మేత వేస్తాడు. ఆబగా తింటూ ముక్కునుంచి మెతుకులు రాల్చాయా, శుభం. మేత ముట్టకపోతే ఆ రోజుకు యుద్ధం మానుకోవాలి. కోళ్లను ముందే మాడ్చితే మెతుకులు రాలక ఏం చేస్తాయి? శకున పండితుల మండలిలో సభ్యుడైన సిసిరోయే ఈ గుట్టు బయటపెట్టాడు.

క్రీ.పూ. 249లో సిసిలీలోని డ్రెపానా దగ్గర కోళ్లు తినలేదు. ‘తినకపోతే తాగనీ’ అంటూ రోమ్ అత్యున్నతాధికారుల్లో ఒకడైన కాన్సల్ క్లాడియస్ పుల్కర్ వాటిని సముద్రంలో వేయించాడని ప్రతీతి. ఆ యుద్ధంలో 93 రోమన్ ఓడలు శత్రువు పాలయ్యాయి. తిరిగొచ్చాక ఆయనకు విచారణ, జరిమానా. క్రీ.పూ. 293లో అక్విలోనియా దగ్గర కథ మరో రకం. కోళ్లు తినకున్నా తిన్నాయని కాపరి బొంకాడు. నాకు చెప్పింది శుభమే, అబద్ధమైతే పాపం చెప్పినవాడిదంటూ కాన్సల్ పాపిరియస్ కాపరులను ముందు వరుసలో నిలబెట్టాడు. బొంకినవాడు ఈటె దెబ్బకు పోయాడు, రోమ్ గెలిచింది.

కింది అధికారి గెలిచినా ఆ ఘనత శకునం చూసే హక్కున్నవాడి ఖాతాలోకే వెళ్లేది. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ నాటికి ఆ హక్కు చక్రవర్తి చేతికి చిక్కింది. ఏ మూల ఎవరు గెలిచినా ఆయన అండన గెలిచినట్టే లెక్క. ఇంగ్లిషు మాటకు నేటి అర్థం ఇక్కడిదే.

సంస్కృతంలోనూ శకునమంటే పక్షే. ఆధ్వర్యం మాత్రం యజ్ఞశాలలో పుట్టింది. వేదిక కొలిచి, పాత్రలు సర్ది, హవిస్సు అగ్నిలో వేసే అధ్వర్యువు అనే ఋత్విక్కు పని అది. పూర్తిగా ఒళ్లొంచే పని. ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకుని చివర్లో వచ్చి దండ వేయించుకునే వారికి పత్రికలు ఈ మాటను ఉదారంగా పంచిపెడుతున్నాయి. డబ్బిచ్చినవారికి ‘సౌజన్యం’ ఉండనే ఉంది. కుర్చీలు వేయించి, మైకు తెప్పించి, అన్నాలు వడ్డించిన వారి పేరు ‘ఆధ్వర్యం’ పక్కన వేయడానికి అడ్డేమిటి?