గడప దగ్గర తప్పిన లెక్క

2025 జూన్‌లో చిత్తూరు, తిరుపతి జిల్లాల గుజ్జు పరిశ్రమల గేట్ల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. పరిశ్రమ ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు రూపాయలు, వెరసి కిలోకు పన్నెండు అని ధర కట్టారు. పక్క రాష్ట్రాల కాయను చిత్తూరు సరిహద్దులో ఆపేస్తే కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాయాల్సి వచ్చింది. ఈ హడావుడంతా కాయ కోతకొచ్చాక మొదలైంది. పాత గుజ్జు నిల్వలు ఎంత మిగిలాయి, కాపు ఎంత విరగకాసింది అన్న రెండు లెక్కలూ మార్చికల్లా తేలాల్సినవి. వాటిని తేల్చడమే ఉద్యోగంగా ఏడాది పొడవునా ఊళ్లలో తిరిగే మనుషులు మనకు లేరు. అలాంటి మనుషుల గురించి, వాళ్ల పని గురించి, వాళ్లకిచ్చే జీతం గురించి ఇప్పుడైనా మాట్లాడుకోవాలి.

ఆర్థిక విధాన పరిశోధన సంస్థ అనగానే ఎక్కడో రాజధానిలో ఓ భవనం, అందులో లావుపాటి నివేదికలు గుర్తొస్తాయి. ఢిల్లీలో 1956లో మొదలైన ఎన్‌సీఏఈఆర్ (జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి), 1971లో మాల్కం ఆదిశేషయ్య మద్రాసులో పెట్టిన అభివృద్ధి అధ్యయనాల సంస్థ, 1972లో వి.కె.ఆర్.వి. రావు బెంగళూరులో నెలకొల్పిన ఐసెక్ (సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థ), 1980లో హైదరాబాదులో వచ్చిన సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) దేశానికి చేసిన మేలు చిన్నది కాదు. అయితే సంస్థ పేరు ఎంత పెద్దదైనా పని మూడు చేతుల మీదుగానే నడుస్తుంది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నావళి నింపే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ మొదటి మనిషి. అతను వెళ్లొచ్చిన ఇళ్లలో పదింట ఒకటి మళ్లీ తట్టి జవాబులు సరిచూసే సూపర్‌వైజర్ రెండో మనిషి. వచ్చిన అంకెల్ని శుభ్రం చేసి పట్టికలు కట్టే విశ్లేషకుడు మూడో మనిషి. నివేదిక అట్ట మీద మాత్రం ఈ ముగ్గురిలో ఎవరి పేరూ ఉండదు.

మొదటి మనిషి పని ఎంత సున్నితమో చూడండి. పలమనేరు పక్క ఏ పల్లెకైనా వెళ్లి, గడప ముందు నిలబడి, ‘మీరేం పని చేస్తారక్కా?’ అని అడిగితే ‘ఏమీ లేదు నాయనా, ఇంటికాడే ఉంటా’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. తొందరలో ఉన్న ఇన్వెస్టిగేటర్ ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే పద్ధతి ప్రకారం కోడ్ 92 అని కొట్టేస్తాడు. ఇంటిపనికే పరిమితం అని దాని అర్థం. పని తెలిసినవాడు అక్కడ ఆగుతాడు. కొట్టంలో ఆవులెన్ని? పొద్దున పాలు ఎవరు పిండుతారు? గడ్డి ఎవరు కోసుకొస్తారు? డెయిరీకి ఎవరు పోసొస్తారు? ఈ నాలుగూ అడిగాక అదే అక్క కోడ్ 21కి మారుతుంది. కుటుంబ వృత్తిలో జీతం లేకుండా పనిచేసే సహాయకురాలు అన్నమాట. పాడి ఆవులే కుటుంబాన్ని నిలబెడుతున్న ఈ పడమటి మండలాల్లో స్త్రీలు పనిలో ఉన్నారా లేరా అన్న లెక్క మొత్తం ఆ నాలుగు ప్రశ్నల మీద ఆధారపడి ఉంది. వాటికి పట్టే సమయం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు ఇవ్వగలిగే స్థితిలో ఇన్వెస్టిగేటర్‌ను మనం ఉంచుతున్నామా అన్నదే అసలు ప్రశ్న.

భాష ఇంకో చిక్కు. నగరి, సత్యవేడు పక్క ఇంట్లో తమిళం మాట్లాడతారు. కుప్పంలో తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. అచ్చు పుస్తకం తెలుగులో ప్రశ్నావళి పట్టుకుని అక్కడికి వెళ్తే ‘వార్షిక స్థూల ఆదాయం’ అన్న మాట ఎవరికీ ఎక్కదు. రైతుకు పాల బిల్లు పది, పదిహేను రోజులకోసారి వస్తుంది. టమాటా డబ్బు కోతకోసారి వస్తుంది. చెనక్కాయ డబ్బు ఏడాదికోసారి. నెలకెంత అని అడిగితే ఆయన ఏదో ఒక అంకె చెప్పి పంపించేస్తాడు. బిల్లుల చీటీలు తీసుకురమ్మని, ఒక్కొక్కటే కూడితే తప్ప నిజం బయటపడదు. టమాటా రైతు విషయంలో మండీ చీటీ చూడాల్సిందే. పలికిన ధర ఒకటి, కమీషన్, హమాలీ, బండి బాడుగ, తరుగు పోను చేతికొచ్చింది ఇంకొకటి. పలికిన ధరనే ఆదాయంగా రాసుకున్న సర్వేలో రైతు కాగితం మీద లాభాల్లో ఉంటాడు.

ఎన్ని రోజుల లెక్క అడిగామన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. 1999-2000లో జాతీయ నమూనా సర్వే ఆహార ఖర్చును ఒకే ఇంటిని గత ఏడు రోజులకూ, గత ముప్పై రోజులకూ పక్కపక్కనే అడిగింది. మొదటి జవాబును బట్టి రెండోది సర్దేసి చెప్పడం మనిషి సహజం. దాంతో ఆ ఏటి అంకెలు అంతకు ముందరి వాటితో పోల్చడానికి పనికిరాకుండా పోయి, పేదరికం ఎంత తగ్గిందన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2022-23 గృహ వినియోగ సర్వేలో ప్రశ్నల్ని మూడు పుస్తకాలుగా విడదీసి, ఒక్కో ఇంటికీ మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. జవాబు చెప్పేవాళ్లు అలసిపోతే చివరి పేజీలన్నీ సున్నాలే అవుతాయి గనుక.

ఇంత నేర్పు కావాల్సిన పనికి చాలాచోట్ల కూలి కడుతున్నది ఫారానికింత చొప్పున. గంటన్నర పట్టే ప్రశ్నావళి అనుకుందాం. రోజుకు ఆరిళ్లు పూర్తి చేయాలంటే మాటలకే తొమ్మిది గంటలు. ఇల్లు వెతకడం, ఊరికీ ఊరికీ మధ్య బండి ప్రయాణం, పొలం నుంచి మనిషి వచ్చేదాకా కాచుకోవడం దీనికి అదనం. ఫారానికి కూలి కడితే ఇన్వెస్టిగేటర్‌కు మూడే దారులు మిగులుతాయి. ప్రశ్నలు దాటేయడం, తాళం వేసిన ఇంటి బదులు పక్కింటిని రాసుకోవడం, రాత్రి బస చేసిన చోట కూర్చుని నింపడం. ఇది వాళ్ల నిజాయితీ లోపమని మేం అనుకోవడం లేదు. పద్ధతే వాళ్లను అటు తోస్తోంది. ప్రాజెక్టు మూడు నెలలైతే ఉద్యోగమూ మూడు నెలలే. పని నేర్చుకున్న పిల్లలు నాలుగో నెలలో ఏ బ్యాంకు రికవరీ పనికో, కోచింగ్ సెంటర్‌కో వెళ్లిపోతారు. తర్వాతి ప్రాజెక్టుకు మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ రెండు రోజుల శిక్షణ.

తాళం వేసిన ఇంటి సంగతి ఇంకాస్త చెప్పాలి. శ్రీసిటీలో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో పనిచేసే అమ్మాయిలు చాలామంది హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటారు. పగలు వెళ్తే సగం మంది షిఫ్టులో, తక్కినవాళ్లు రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రలో ఉంటారు. జాతీయ నమూనా సర్వే పద్ధతిలో హాస్టల్లో ఉండే ఒక్కో మనిషిని ఏకసభ్య కుటుంబంగా లెక్కించాలి. అంటే ఆ అమ్మాయి దొరకకపోతే ఒక ఇల్లు మొత్తం పోయినట్టే. పక్కనున్న సొంతింటి కుటుంబాన్ని బదులు రాసుకుంటే తిరుపతి జిల్లా కార్మికుల జీతం, అద్దె, ఇంటికి పంపే డబ్బు, అన్నీ తప్పుగా వస్తాయి. ఆదివారం వెళ్లాలి, మూడుసార్లు వెళ్లాలి, వార్డెన్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఫారానికి కూలి తీసుకునేవాడు మూడోసారి వెళ్లడు, వెళ్లలేడు.

ఆఫీసులో కూర్చున్న విశ్లేషకుడి కష్టం వేరు. ‘తెలియదు’ అనే జవాబుకు 999 అని కోడ్ పెడతారు. దాన్ని తీసేయకుండా సగటు కడితే ఒక ఊరి ఆవుల సంఖ్య ఆకాశాన్నంటుతుంది. రెండున్నర ఎకరాల్లో చుక్క జారితే ఇరవై ఐదు. సెంట్లలో చెప్పింది ఎకరాల గడిలో పడితే చిన్న రైతు కాస్తా భూస్వామి. ఖాళీ గడిని సున్నాగా తీసుకోవాలా, జవాబు రాలేదని వదిలేయాలా అన్నది ప్రతి వరుసలో తేల్చుకోవాలి. ఇలాంటి తప్పులు పట్టేందుకే జాతీయ నమూనా సర్వేకు పునాది వేసిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఒకే ప్రాంతంలో రెండు బృందాలను వేర్వేరుగా పంపే పద్ధతి పెట్టారు. రెండు బృందాల ఫలితాలు బాగా తేడాగా వస్తే లోపం మనుషుల్లోనే ఉందని తెలిసిపోతుంది. ఖర్చని ఇవాళ ఆ పద్ధతిని పక్కన పెట్టడం మంచిది కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. 2011 జనగణన నాటికి 66 మండలాలు, 41 లక్షల 74 వేల జనాభాతో ఉన్న చిత్తూరు జిల్లాను 2022 ఏప్రిల్ 4న విడదీశారు. మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె అన్నమయ్యకు వెళ్లాయి. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. పాత జిల్లా అంకెల్ని కొత్త జిల్లాతో పోల్చి ‘ఇంత పెరిగింది, అంత తగ్గింది’ అని సభల్లో చెబుతున్నారు. మండలాల వారీగా పాత లెక్కల్ని విప్పి కొత్త హద్దుల్లో మళ్లీ పేర్చితే తప్ప ఆ పోలికకు అర్థం లేదు. ఇద్దరు విశ్లేషకులు కొన్ని నెలలు కూర్చుంటే అయ్యే పని ఇది. 2025 జనవరి నుంచి శ్రామికశక్తి సర్వే నమూనాను జిల్లాల వారీగా తీస్తున్నారు. సంతోషమే. కానీ ఒక జిల్లాలో నాలుగు వందల మందిని అడిగితే వచ్చే శాతం అటు ఐదు, ఇటు ఐదు ఊగుతుంది. ఆ ఊగులాటను సగానికి తగ్గించాలంటే పదహారు వందల మందిని అడగాలి. ఒకే వీధి మనుషుల జవాబులు ఒకేలా ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి.

మళ్లీ మామిడికి వద్దాం. శాశ్వత బృందం ఒకటుంటే ఏం చేస్తుంది? డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత. మండలానికి కొన్ని తోటలు లాటరీ పద్ధతిలో ఎంచుకుని, చెట్లను వయసుల వారీగా లెక్కపెట్టి, కొన్ని చెట్లకు నాలుగు దిక్కులా ఒక్కో కొమ్మకు గుర్తు కడతారు. ఆ కొమ్మల మీద పూత కంకులు ఒకసారి, పిందెలు ఒకసారి, కాయ నిమ్మకాయంత అయ్యాక ఒకసారి లెక్కిస్తారు. రాలుడు ఎంతో ప్రతి దశలోనూ తెలుస్తుంది. ఇంకోవైపు గుజ్జు పరిశ్రమల గోదాముల్లో నెలనెలా నిల్వ చూస్తారు. గుజ్జు పాడవకుండా నింపే ఎసెప్టిక్ డ్రమ్ము సుమారు 215 కిలోలు. డబ్బాలైతే 3.1 కిలోలవి ఆరేసి ఒక పెట్టె. కిలో గుజ్జుకు రమారమి రెండు కిలోల కాయ కావాలి. అంటే పదివేల డ్రమ్ములు అమ్ముడుపోకుండా మిగిలితే 4,300 టన్నుల కాయ ఈ ఏడు అక్కర్లేదన్నమాట. ట్రాక్టరుకు నాలుగు టన్నులు వేసుకున్నా వెయ్యి ట్రాక్టర్లకు పైమాటే. ఏ పరిశ్రమకు ఆ పరిశ్రమ నిల్వను బయటపెట్టబోమని, మొత్తం మాత్రమే ప్రకటిస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తే యజమానులు చెప్పడానికి వెనకాడరు. కాపు, నిల్వ రెండూ పక్కపక్కన పెట్టి ఏప్రిల్ మొదటి వారంలో ప్రకటిస్తే రైతుకూ, పరిశ్రమకూ, ప్రభుత్వానికీ రెండు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఇలా ఊళ్లోనే ఉండి లెక్క రాయడం కొత్తేమీ కాదు. 1975లో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, డోకూరు గ్రామాల్లో ఇన్వెస్టిగేటర్లను కాపురం పెట్టించి, అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ అడిగించింది. మెట్ట రైతు కరువును ఎలా తట్టుకుంటాడన్న విషయంలో ప్రపంచం ఇప్పటికీ ఆ అంకెల్నే తిరగేస్తోంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాలకు కలిపి పన్నెండు మంది ఇన్వెస్టిగేటర్లు, ఇద్దరు సూపర్‌వైజర్లు, ఇద్దరు విశ్లేషకులతో ఒక ఆర్థిక అధ్యయన బృందాన్ని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఏర్పాటు చేయాలని మేం కోరుతున్నాం. మామిడి, చెనక్కాయ లెక్కలకు తిరుపతి వ్యవసాయ కళాశాల తోడుండాలి. జీతం నెలకింత అని ఉండాలి, ఫారానికింత అని కాదు. యూజీసీ జూనియర్ ఫెలోకు, అంటే పరిశోధక విద్యార్థికి, 2023 జనవరి నుంచి నెలకు 37,000 ఇస్తోంది. ఇన్వెస్టిగేటర్‌కు అంతకు తగ్గకూడదు. పన్నెండు మందికి ఏడాదికి 53 లక్షల 28 వేలు. మిగతా నలుగురికి నెలకు యాభై వేల చొప్పున 24 లక్షలు. బండి పెట్రోలు, ట్యాబులు, శిక్షణ కలిపినా కోటి దాటదు. కిలోకు నాలుగు రూపాయల సబ్సిడీ లెక్కన ఆ కోటి 2,500 టన్నుల మామిడికి సరిపోయే డబ్బు.

రెండు షరతులు తప్పనిసరి. ఒకటి, సేకరించిన అంకెలు, మనుషుల పేర్లు తీసేసి, ఆరు నెలల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి. రెండు, ఏ ఫలితాన్ని ఎప్పుడు ప్రకటించాలో ఏడాది మొదట్లోనే తేదీ వేసుకోవాలి. ఆ తేదీ ఏ అధికారి ఫోను చేసినా మారకూడదు. 2017-18 వినియోగ సర్వే ఫలితాలను నాణ్యత పేరు చెప్పి ఆపేయడంతో దేశం 2011-12 అంకెలతోనే పదకొండేళ్లు నెట్టుకొచ్చింది. ఎండలో తిరిగి ఆ ఇళ్ల తలుపులు తట్టినవాళ్ల శ్రమ అలాగే బీరువాలో ఉండిపోయింది.

నియామకాలు అక్టోబరుకల్లా పూర్తయితే నవంబరులో శిక్షణ ఇవ్వొచ్చు. డిసెంబరులో తొలి పూత వచ్చేసరికి మొదటి కొమ్మకు గుర్తు కట్టొచ్చు.