ట్రాక్ ఆపి వాయించనిద్దాం

బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన సంగీతం) వాయించి పాడిన జాన్ మేయాల్ 2024 జులైలో, 90 ఏళ్ల వయసులో పోయారు. ఆయన పేరెత్తితే చాలామందికి ఆయన బ్యాండ్‌లో గిటార్ వాయించిన ఎరిక్ క్లాప్టన్, పీటర్ గ్రీన్, మిక్ టేలర్ గుర్తొస్తారు. నాకు మాత్రం 1973లో వచ్చిన ‘టెన్ ఇయర్స్ ఆర్ గాన్’ గుర్తొస్తుంది. అందులో రెండు ఎల్పీ రికార్డులు. మొదటిది స్టూడియోలో చేసింది. రెండోది న్యూయార్క్‌లోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో జనం ముందు వాయించింది.

మేయాల్ పుట్టింది ఇంగ్లండ్‌లో. ఈ ఆల్బమ్ నాటికి కాలిఫోర్నియాకు మారిపోయి, తన బ్లూస్‌లోకి జాజ్ వాళ్లను పిలుచుకున్నారు. హోరెస్ సిల్వర్ బృందంలో ట్రంపెట్ వాయించిన బ్లూ మిచెల్, శాక్సోఫోన్ మీద రెడ్ హాలోవే, గిటార్ మీద ఫ్రెడ్డీ రాబిన్సన్. ఇక షుగర్‌కేన్ హారిస్ వయొలిన్! పడమటి నుంచి వచ్చిన ఆ వాద్యంతోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సోలో కచేరీలు చేశారు. దాన్ని బ్లూస్ ఎలా తనదిగా చేసుకుందో మనవాళ్లు తప్పకుండా వినాలి.

స్టూడియో పాటలు కుదురుగా ఉంటాయి, బాగుంటాయి. నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది రెండో ఎల్పీ. పరిచయం పోను నాలుగే పాటలకు రెండు వైపులూ నిండిపోయాయి. బ్లూస్‌లో ఎక్కువగా కనిపించే చట్రం పన్నెండు బార్లది, అంటే లయలో పన్నెండు సమాన భాగాలది. మూడు కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) మీద ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వస్తుంది, మన తాళంలో ఆవర్తనం లాగా. ఎక్కడ కలవాలో అందరికీ తెలుసు. అందుకే ఒకరు ఎంత దూరం వెళ్లినా మిగతావాళ్లు కంగారుపడరు, తగ్గి వాయిస్తూ దారిస్తారు.

మరి మన తెలుగు సభల్లో? గాయకులను అంత దూరం నుంచి రప్పించి, ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్, అంటే ముందే రికార్డ్ చేసిన వాద్యాలు, వేసి పాడిస్తున్నాం. పాటలో ఒక్క సంగతి మారితే ‘సినిమాలోలా లేదు’ అంటున్నాం. కర్ణాటక కచేరీలో అప్పటికప్పుడు అల్లే నెరవు, కల్పనస్వరం, తనియావర్తనం విని తల ఊపే మనమే, సినిమా పాట దగ్గరికొచ్చేసరికి మక్కీకి మక్కీ కావాలంటున్నాం. ఒక ఉగాదికి, వయొలిన్, మృదంగం నేర్చుకున్న పిల్లలు ఊళ్లోనే ఉన్నా, ‘లైవ్ అంటే టెన్షన్’ అని ట్రాక్ వైపే మొగ్గాం. నేనూ చెయ్యెత్తాను. ఆ పిల్లలు ప్రేక్షకుల్లో కూర్చుని ఆ ట్రాక్ విన్నారు. ఆ రోజు చేసింది తప్పు.

వచ్చే ఉగాదికి ఒక గంట వాళ్లకిద్దాం. ఇరవై పాటలు వద్దు, నాలుగు చాలు. పల్లవికీ చరణానికీ మధ్య ఎవరికి ఎంతసేపు వాయించాలనిపిస్తే అంతసేపు వాయించనీ. తాళం తప్పితే తప్పనీ, మళ్లీ అందుకుంటారు. ఆ గంటా రికార్డ్ చేసే బాధ్యత నాది.