పేరు చెప్పని ఖండన

సూడాన్‌లోని ఎల్‌ ఫాషర్‌ నగరం 2025 అక్టోబరు 26న, ఆ దేశ సైన్యంతో పోరాడుతున్న సాయుధ దళం ఆర్‌ఎస్‌ఎఫ్‌ (ర్యాపిడ్‌ సపోర్ట్‌ ఫోర్సెస్‌) చేతికి చిక్కింది. నాలుగు రోజుల్లోనే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ దారుణాలను ఖండించింది. మండలి వేగంతో పోలిస్తే ఇది చురుకుగా కదిలినట్టే. అయితే ఆ నగరం రాత్రికి రాత్రి కూలిపోలేదు. ఐదు వందల రోజులకు పైగా ముట్టడిలో మగ్గింది. ముట్టడి ఆపాలంటూ 2024 జూన్‌లో ఇదే మండలి 2736వ తీర్మానం చేసింది. పదిహేనింట పద్నాలుగు దేశాలు ఔనన్నాయి, రష్యా ఓటింగుకు దూరంగా ఉంది. దాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్‌ ఖాతరు చేయలేదు సరికదా, ఆ తర్వాత నగరం చుట్టూ మట్టికట్ట పోసి ఉన్న దారులూ మూసేసింది. కట్ట పెరుగుతున్న తీరును ఉపగ్రహ చిత్రాలతో సహా యేల్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎప్పటికప్పుడు బయటపెడుతూనే ఉన్నారు. లోపలున్న జనం నూనె తీశాక మిగిలే వేరుశెనగ చెక్క తిని ప్రాణాలు నిలుపుకున్నారు. మన దగ్గరలాగే అక్కడా అది పశువుల దాణా.

నగరం పడ్డాక జరిగింది వేరే చెప్పాలా? సౌదీ ప్రసూతి ఆసుపత్రిలో రోగులూ వారి వెంట ఉన్నవారూ కలిపి 460 మందికి పైగా హతమైనట్లు తమకు సమాచారం అందిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పారిపోతున్న మగవాళ్లను వేరుచేసి కాల్చారు. కాల్చినవాళ్లే ఆ వీడియోలు తీసి పెట్టుకున్నారు. అంటే శిక్ష పడుతుందన్న భయం వారిలో ఏ మూలా లేదు.

ఆ భయం ఎందుకుంటుంది? 2003లో పశ్చిమ సూడాన్‌లోని డార్ఫుర్‌ ప్రాంతంలో ఊళ్లు తగలబెట్టిన జంజావీద్‌ ముఠాల నుంచి పుట్టిందే ఈ ఆర్‌ఎస్‌ఎఫ్‌. ఆనాటి దురాగతాలకు జంజావీద్‌ నాయకుడు అలీ కుషాయబ్‌ను అంతర్జాతీయ క్రిమినల్‌ కోర్టు దోషిగా తేల్చింది 2025 అక్టోబరు 6న. నేరానికీ తీర్పుకీ మధ్య రెండు దశాబ్దాలు దాటాయి. ఆ తీర్పు వెలువడిన ఇరవై రోజులకే అదే డార్ఫుర్‌లో ఎల్‌ ఫాషర్‌ పతనమైంది. మాజీ అధ్యక్షుడు ఒమర్‌ అల్‌ బషీర్‌పై 2009లోనే వారెంటు జారీ అయినా, నేటికీ ఆయన హేగ్‌లోని ఆ కోర్టు బోను ఎక్కలేదు.

సూడాన్‌ సైన్యం మాత్రం కడిగిన ముత్యమేమీ కాదు. సైన్యాధిపతి జనరల్‌ బుర్హాన్‌, ఆర్‌ఎస్‌ఎఫ్‌ అధిపతి హెమెద్తీ 2021లో చేతులు కలిపి పౌర ప్రభుత్వాన్ని కూల్చారు. పంపకాల్లో తేడా వచ్చి 2023 ఏప్రిల్‌ 15న ఒకరిపై ఒకరు తుపాకులు ఎత్తారు. సైన్యం విమానాలు సంతలపైనా బాంబులు కురిపించాయి. 2025 మార్చిలో ఉత్తర డార్ఫుర్‌లోని తోరా సంతలో జరిగింది అదే. ఇద్దరు జనరళ్ల తగవులో కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు.

ఇక అసలు విషయం. ఇంత యుద్ధం ఇన్నేళ్లు సాగాలంటే బయటి నుంచి ఆయుధాలూ డబ్బూ రావాలి. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు పొరుగు దేశం చాద్‌ మీదుగా యూఏఈ నుంచి ఆయుధాలు అందుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐరాస నిపుణుల బృందం 2024 మొదట్లోనే చెప్పింది. యూఏఈ కాదంటోంది. సూడాన్‌ ప్రభుత్వం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే 2025 మేలో కేసు కొట్టేశారు. ఆరోపణ అబద్ధమని కాదు, విచారించే అధికారం తమకు లేదని. జాతి నిర్మూలన ఒప్పందంలో చేరేటప్పుడే తగవులను ఆ న్యాయస్థానానికి తీసుకెళ్లే నిబంధన తనకు వర్తించదని యూఏఈ రాసిపెట్టుకుంది మరి! సూడాన్‌ బంగారంలో ఎక్కువ భాగం, ఏ పక్షం తవ్వినా, చివరికి చేరేది దుబాయ్‌ మార్కెట్‌కే. ఆర్‌ఎస్‌ఎఫ్‌ది జాతి నిర్మూలనేనని 2025 జనవరిలో తేల్చిన అమెరికా, యూఏఈలో ఉన్న దాని ఏడు కంపెనీలపై ఆంక్షలు పెట్టింది. ఆ దేశాన్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పైగా అమెరికా, సౌదీ, ఈజిప్టులతో పాటు శాంతి చర్చల బల్ల దగ్గర పెద్దమనిషిగా కూర్చున్నదీ యూఏఈయే. అటు సైన్యానికి దన్నుగా ఉన్న ఈజిప్టుదీ అదే బల్ల.

అందుకే ఖండన ప్రకటనల్లో చంపినవారి పేరు ఉంటుంది, చంపడానికి సరంజామా ఇచ్చినవారి పేరు ఉండదు. ‘బయటి జోక్యం తగదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఎవరిని అంటున్నారో అందరికీ తెలుసు, ఎవరికీ తగలదు.

ఈ మొహమాటం మనకూ ఉంది. యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం 2022 నుంచి అమలవుతోంది. గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్ల బతుకుతెరువు గురించి కరీంనగర్‌కూ కడపకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఢిల్లీ ఆచితూచి మాట్లాడటాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ 2023లో ‘ఆపరేషన్‌ కావేరి’తో పోర్ట్‌ సూడాన్‌ నుంచి వేలమంది భారతీయులను, వారిలో తెలుగువారిని కూడా, క్షేమంగా తెచ్చుకున్నాం. మనవాళ్లు బయటపడ్డారు కాబట్టి మన పని అయిపోయిందనుకోవడం పెద్ద దేశానికి తగదు. అబుదాబితో అంత చనువుంటే, ఆ చనువుతోనే నాలుగు మాటలు చెప్పవచ్చు.

ఇప్పుడు మంటలు డార్ఫుర్‌ పక్కనున్న కొర్దొఫాన్‌ ప్రాంతానికి పాకాయి. ఎల్‌ ఫాషర్‌ అక్కడ పునరావృతం కావచ్చని ఐరాస మానవ హక్కుల అధిపతి వోల్కర్‌ టుర్క్‌ 2025 డిసెంబరులోనే హెచ్చరించారు. భద్రతా మండలి విధించిన ఆయుధ నిషేధం నేటికీ డార్ఫుర్‌కే పరిమితం. క్రిమినల్‌ కోర్టు అధికారమూ అంతే, కొర్దొఫాన్‌లో చంపితే ఆ కోర్టు పట్టించుకోవడానికి వీల్లేదు. ఈ రెండింటినీ సూడాన్‌ అంతటికీ విస్తరించే తీర్మానం మండలి ముందుకు రావాలి. నిషేధాన్ని తుంగలో తొక్కిన దేశాల పేర్లు అందులోనే రాయాలి. పౌరుల రక్షణ తీర్మానాన్ని 2024 నవంబరులో వీటో చేసిన రష్యా దీన్నీ అడ్డుకుంటే అడ్డుకోనివ్వండి. అప్పుడు కనీసం మద్దతుగా చేతులెత్తినవారెవరో, ఎత్తనివారెవరో రికార్డుల్లోకి ఎక్కుతుంది.